డాక్టర్ సలహా: ఆవు కళ్లు పాలిపోయాయి, జ్వరం మళ్లీ మళ్లీ వస్తోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర పల్లె. మూడు జెర్సీ ఆవులున్నాయి. అందులో ఆరేళ్ల ఆవు ఈని రెండు నెలలైంది. పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు రెండు లీటర్లు కూడా రావడం లేదు. నాలుగు రోజులుగా జ్వరం. ఊళ్లో సూదులేసే ఆయనతో రెండు రోజులు వేయించాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. పేడ గట్టిగా వేస్తోంది. కంటి లోపల తెల్లగా, కాస్త పసుపుగా ఉంది. ఒంటి నిండా గోమార్లు (పిడుదులు). పచ్చకామెర్లు, పసరు పోయమంటున్నారు. మిగతా ఆవులకు అంటుతుందా? పాలు పిల్లోళ్లకు తాపొచ్చా? పోయిన నెల మా కుక్కకు కూడా గోమార్ల జ్వరమే అన్నారు. రెండూ ఒకటేనా?
– ఒక పాడి రైతు

జవాబు: ముందు ఆ పసరు మానేయండి. మీ ఆవుకు పసుపు రంగు కాలేయం చెడి వచ్చింది కాకపోవచ్చు. రక్తంలో ఎర్రకణాలు పెద్ద ఎత్తున చితికిపోయినా కళ్లు ఇలాగే పచ్చబడతాయి. పైగా నీరసంగా ఉన్న పశువుకు గొట్టంతో బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిపెడుతుంది. అసలు జబ్బుతో బతికి, పసరుతో పోయిన ఆవులున్నాయి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు మొదట వచ్చే అనుమానం అనాప్లాస్మోసిస్. ఎర్రకణాల్లో కాపురం పెట్టే ఒక బ్యాక్టీరియా దీనికి కారణం. ఆ కణాలను ఆవు ప్లీహమే (రక్తాన్ని వడపోసే అవయవం) పట్టుకుని నాశనం చేస్తుంది. అందుకే రక్తం తగ్గిపోతుంది, కళ్లు పాలిపోతాయి. ఏడాది లోపు దూడలకు సోకినా పెద్దగా తెలియదు. మూడేళ్లు దాటిన పాడి ఆవుకు వస్తే మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

మూత్రం రంగు మీరు రాయలేదు. నాకు కావాల్సింది అదే. కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంటే బెబీసియోసిస్ అనుకోవాలి. పసుపుగా వస్తూ, ఎరుపు లేకుండా ఉంటే అనాప్లాస్మోసిస్ వైపు మొగ్గుతాం. జబ్బ ముందు, తొడ ముందు బిళ్లలు (లింఫు గ్రంథులు) ఉబ్బితే థైలేరియాసిస్. మూడూ గోమార్లతో వస్తాయి, మూడింటికీ జ్వరం ఉంటుంది, మందులు మాత్రం వేరు. బెబీసియా, థైలేరియా బ్యాక్టీరియాలు కావు, ఏకకణ పరాన్నజీవులు. (అనాప్లాస్మాను విడిగా గుర్తించి 1910లో దానికి పేరు పెట్టింది దక్షిణాఫ్రికాలో పనిచేసిన పశువైద్యుడు ఆర్నాల్డ్ థైలర్. థైలేరియాకు ఆయన పేరే పెట్టారు.)

ఏ జబ్బో తెలియకుండా జ్వరం సూది వేస్తే మీకు జరిగినట్టే జరుగుతుంది. జ్వరం ఒక పూట దిగుతుంది, రక్తంలో ఉన్నది అక్కడే ఉంటుంది. తేల్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చెవి అంచున వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, సూదితో గుచ్చి, వచ్చిన చుక్కను గాజు పలక మీద పలచగా పూస్తారు. ఆరాక జీమ్సా రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఎర్రకణం అంచున సూదిమొనతో పెట్టినట్టు ముదురు చుక్క కనిపిస్తుంది. మందు పడ్డాక ఆ చుక్కలు దొరక్కపోవచ్చు. కాబట్టి ఇప్పటిదాకా వేసిన మందుల ఖాళీ సీసాలు పారేయకుండా డాక్టరుకు చూపించండి. దగ్గర్లో తేలకపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీకి నమూనా పంపమని అడగండి.

అనాప్లాస్మా అని తేలితే ఆక్సీటెట్రాసైక్లిన్ బాగా పనిచేస్తుంది. మోతాదు ఆవు బరువును బట్టి డాక్టరు నిర్ణయించాలి, మెడికల్ షాపులో అడిగి కాదు. రక్తం మరీ తగ్గిపోతే ఆరోగ్యంగా ఉన్న మరో ఆవు రక్తం ఎక్కిస్తారు. ఆవును ఆస్పత్రికి నడిపించకండి. రక్తం లేని పశువు నాలుగు అడుగులు వేగంగా వేస్తే అక్కడే కూలబడుతుంది. 1962కి ఫోన్ చేస్తే సంచార వైద్యశాల ఇంటి దగ్గరికే వస్తుంది. అంతవరకు నీడలో కట్టి, నీళ్లు, పచ్చి కసువు అందుబాటులో పెట్టండి.

మిగతా రెండు ఆవుల సంగతి. పక్కపక్కన కట్టినంత మాత్రాన అంటదు, రక్తం చేరితేనే అంటుతుంది. గోమార్లు, జోరీగలు ఆ పని చేస్తాయి. మనుషులం కూడా చేస్తాం. టీకాల రోజు కొట్టంలోని పశువులన్నింటికీ ఒకే సూది గుచ్చడం నేను చాలాచోట్ల చూశాను. ఒక్క సూది మిగిల్చుకుని మంద మొత్తానికి జబ్బు పంచినట్టే అది. కొమ్ములు కోసే కత్తి, చెవికి బిళ్లలు వేసే పనిముట్టు కూడా అంతే. మీ ఆవు కోలుకున్నాక కూడా రక్తంలో ఈ బ్యాక్టీరియా ఏళ్ల తరబడి ఉండిపోగలదు. కాబట్టి ఇకపై సూదులేసే వాళ్లు ఎవరొచ్చినా ఆవుకొక కొత్త సూది అడగండి, మొహమాటం వద్దు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించాం కదా అనుకోవద్దు, అవి దీన్ని ఆపవు.

గోమార్లకు టమోటా తోటలో కొట్టే మందు మాత్రం కొట్టకండి. ఆవు ఒళ్లు నాకుతుంది. డాక్టరు రాసిన మందే చెప్పిన పాళ్లలో కలిపి, గంగడోలు, చెవి లోపల, తోక కింద, పొదుగు సందుల్లో పట్టించండి. మన జెర్సీ ఆవులకు ఎక్కువగా పట్టే గోమారు పిల్లగా ఎక్కి, రక్తం తాగి, మూడు వారాల్లో రాలి వేలల్లో గుడ్లు పెడుతుంది. కాబట్టి ఒక్కసారితో సరిపోదు, రెండు మూడు వారాలకు మళ్లీ పట్టించాలి. కొట్టం గోడల పగుళ్లు పూడ్చి సున్నం కొట్టండి.

పాల విషయం: ఈ బ్యాక్టీరియా మనుషులకు రాదు. కానీ సూదిమందు పాలలోకి దిగుతుంది, కాచినా పూర్తిగా పోదు. డాక్టరు చెప్పినన్ని రోజులు పిల్లలకు తాపొద్దు, పాలకేంద్రానికీ పోయొద్దు.

కుక్కది వేరే జబ్బు. వాటికి ఎక్కువగా వచ్చేది ఎర్లీకియా అనే మరో బ్యాక్టీరియా, అది తెల్లకణాల్లో ఉంటుంది. కుక్క గోమారు వేరే జాతి. మీ ఆవుకు కుక్క వల్ల రాలేదు.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్తాను. ఇంట్లో ఎవరికైనా వారం రోజులు జ్వరం తగ్గకుండా ఉంటే ఆవు మీదికి నెట్టకండి. మన చిత్తూరు, తిరుపతి వైపు పొదల్లో, గడ్డిలో ఉండే సన్న నల్లి (మంచంలో ఉండే నల్లి కాదు) పిల్లలు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంటుంది. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర నొప్పి లేని నల్లటి పక్కు ఉందేమో చూసి, డాక్టరుకు ఆ చోటు చూపించండి.