బండి ఎలా ఆగిందో ముందు చెప్పండి, పానా తరవాత పట్టుకోవచ్చు

"వానలో తడిసినప్పుడల్లా రోడ్డు మీదా మట్టిదారుల్లోనూ నడిచే నా డ్యూయల్ స్పోర్ట్ మోటారు సైకిలు మొరాయిస్తోంది, సర్వీసు సెంటరు చూస్తే అరవై కిలోమీటర్ల దూరం, ఇంట్లోనే బాగుచేసుకోవాలంటే ఏయే పనిముట్లు కొనాలి?" అని మీరు అడిగారు. పనిముట్ల సంగతి చెబుతాను గాని, మీ ప్రశ్నలో ముఖ్యమైన మాట ఒకటి లోపించింది. మొరాయిస్తోంది అన్నారే తప్ప ఎలా మొరాయిస్తోందో రాయలేదు. సెల్ఫ్ నొక్కితే ఇంజను అసలు తిరగడం లేదా, తిరుగుతున్నా అంటుకోవడం లేదా, అంటుకుని న్యూట్రల్‌లోనే ఆగిపోతోందా, లేక గేరు వేశాక ఆగిపోతోందా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. వీటిలో ఏది మీదో తేల్చుకోకుండా వేల రూపాయల పనిముట్లు కొన్నా ప్రయోజనం ఉండదు.

నాది రాజమహేంద్రవరం. ఎనిమిదేళ్ళుగా ఇలాంటి బండి మీదనే రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు కొండదారుల్లో తిరుగుతున్నాను. ఉచిత సర్వీసులు అయిపోయిన నాటి నుంచి దాని పనంతా మా పెరట్లోనే చేసుకుంటున్నాను. మా నాన్నగారు ఆర్టీసీ డిపో గ్యారేజీలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. బండి గురించి నాకు తెలిసినదానిలో మంచి భాగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

రెండేళ్ళ కిందట ఆగస్టులో మారేడుమిల్లి దాటాక, రోడ్డు వదిలి ఒక గూడెం వైపు వెళ్ళే మట్టిదారి పట్టాను. ముందురోజు రాత్రంతా వాన కురవడంతో దారికి అడ్డంగా ఒక వాగు ఎర్రగా పారుతోంది. లోతు మోకాలి కిందికే ఉందని నడిచి చూసుకుని, మొదటి గేరులో నిదానంగా దాటాను. బండి ఎక్కడా తొణకలేదు. ఆవలి గట్టున మరో రెండు కిలోమీటర్లు బురదలో హాయిగా నడిచింది కూడా. అక్కడ ఒక చింతచెట్టు కింద ఆపి, స్టాండు వేసి, బూట్లలోని నీళ్ళు వంపుకున్నాను. పది నిమిషాల తరవాత సెల్ఫ్ నొక్కితే ఇంజను వెంటనే అంటుకుంది. క్లచ్ పట్టి మొదటి గేరు వేయగానే ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ న్యూట్రల్‌లో పెడితే అంటుకుంటుంది, గేరు వేస్తే ఆగిపోతుంది. అలా పది పన్నెండు సార్లు చేశాను. వాగు నీళ్ళు ఎక్కడో చొరబడ్డాయన్న భయంతో నాకు మరో ఆలోచనే తోచలేదు.

గూడెం కుర్రాళ్ళు ఇద్దరు సాయం పట్టి రోడ్డు దాకా నెట్టించారు. అక్కడి నుంచి ఒక ఆటోకు తాడు కట్టి దగ్గరి ఊళ్ళో ఉన్న షెడ్డుకు చేర్చాను. అక్కడి మెకానిక్ ముందు క్లచ్ ప్లేట్లు అతుక్కుపోయాయన్నాడు, కేబులు బిగించాడు. తరవాత ప్లగ్గు తీసి తుడిచాడు. ఆ తరవాత పెట్రోలు పంపు పోయి ఉంటుందన్నాడు. చివరికి కంప్యూటరు బోర్డు కాలిపోయి ఉంటుందని, పాతికవేలు అవుతుందని తేల్చాడు. అతను చెడ్డవాడు కాడు. వరుసగా తనకు తెలిసిన భాగాల పేర్లు చెబుతూ పోయాడు, అంతే. అతనికి తొమ్మిది వందలు, మినీ ట్రక్కుకు మూడున్నర వేలు ఇచ్చి, చీకటి పడేవేళకు బండిని ఇంటికి తెచ్చాను.

నాన్నగారు అరుగు మీద కూర్చుని అంతా విన్నారు. బండి వైపు చూడనైనా చూడకుండా, "ఏరా, న్యూట్రల్లో ఆగుతోందా, గేరేస్తేనే ఆగుతోందా?" అన్నారు. గేరు వేస్తేనే అన్నాను. "వాగు దాటాక నడిచిందిగా. ఆఖరుసారి బాగా నడిచిన తరవాత దాన్ని నువ్వేం చేశావు?" అన్నారు. ఏమీ చేయలేదు, స్టాండు వేశానంతే అన్నాను. "అయితే అక్కడే చూడు" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇప్పటి బండ్లలో చాలావాటికి సైడు స్టాండు మొదలు దగ్గర చిన్న స్విచ్చి ఉంటుంది. స్టాండు దిగి ఉండగా గేరు వేస్తే ప్రమాదమని అది ఇంజనును ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఆపదు. నేను చెట్టు కింద స్టాండు దించినప్పుడు స్విచ్చిలోని చిన్న పుల్ల కదిలింది, ఆ సందులోకి బంకమట్టి జారింది, స్టాండు పైకెత్తినా పుల్ల తిరిగి తన చోటికి వెళ్ళలేదు. బండి దృష్టిలో స్టాండు ఇంకా దిగే ఉంది. వాగులో ఆగకుండా చెట్టు కింద ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు జవాబు అదే. ఆ ప్రశ్న నేను అడవిలోనే వేసుకుని ఉంటే, సీసాలోని మంచినీళ్ళు అక్కడ పోసి స్టాండును పదిసార్లు ఆడిస్తే సరిపోయేది.

ఆ రాత్రి దీపం పెట్టుకుని, స్విచ్చి వైర్లు ఎటు పోతున్నాయో వెతికి, వాటిని కలిపే కనెక్టరు ఊడదీసి, కరెంటు దారి కలిసి ఉంటే బీప్ మనే మల్టీమీటరు పెట్టాను. నా బండిలో స్టాండు ఎత్తినప్పుడు బీప్ రావాలి, దించినప్పుడు ఆగాలి. ఎత్తినా దించినా శబ్దం లేదు. చెంబుతో నీళ్ళు పోస్తూ, రంగులు వేసే కుంచెతో మట్టి కదిలిస్తూ, స్టాండును ఆడిస్తూ పోతే కొంతసేపటికి బీప్ వచ్చింది. ఆరబెట్టి, తేమను తరిమే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి, కనెక్టరు బిగించి గేరు వేస్తే బండి కదిలింది. మొత్తం నలభై నిమిషాల పని. ఇందులో బండి తయారుచేసినవారి తప్పేమీ లేదు. బురదలో తిరిగి వచ్చిన ప్రతిసారీ అక్కడ కడగవలసిన బాధ్యత నాది.

ఈ స్విచ్చి ఇబ్బంది పెడుతోందని చాలామంది దాని వైర్లు తెంచి కలిపేస్తారు. కొందరు మెకానిక్‌లైతే అడగకుండానే ఆ పని చేస్తారు. అడవిలో చిక్కుకున్నప్పుడు ఇల్లు చేరేదాకా అలా చేయడాన్ని నేను తప్పుపట్టను, నా సంచిలోనూ ఒక వైరుముక్క, ఇన్సులేషన్ టేపు ఎప్పుడూ ఉంటాయి. శాశ్వతంగా మాత్రం అలా వదిలేయకండి. మన బండ్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి స్టాండు కూడా పొడుగ్గానే ఉంటుంది, దించిన స్టాండుతో ఎడమవైపు మలుపు తిరిగితే అది నేలకు తన్ని మనిషిని విసిరేస్తుంది.

నీళ్ళలో ఉండగానే ఇంజను ఆగిపోవడం వేరే సంగతి, అది నిజంగా భయపడవలసిన సంగతి. అప్పుడు సెల్ఫ్ నొక్కవద్దు. ఎయిర్ ఫిల్టరు పెట్టెలోంచి నీళ్ళు సిలిండరులోకి చేరి ఉంటే, గాలిలాగా నీటిని పిస్టను నొక్కలేదు, ఆ బలానికి పిస్టనును పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బండిని గట్టుకు తోసి, ఫిల్టరు తడిసిందేమో చూసి, తడిసి ఉంటే ప్లగ్గు ఊడదీసి, ప్లగ్గు వైరును రంధ్రానికి దూరంగా పెట్టి, అప్పుడు ఇంజను తిప్పి నీళ్ళు బయటికి చిమ్మనివ్వాలి. ఇంటికి వచ్చాక ఇంజను ఆయిలు చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులోకి మారి ఉంటే నీళ్ళు కలిసినట్టే, అది వెంటనే మార్చవలసిందే.

నా అనుభవంలో వాగుల వల్ల పాడైన బండ్ల కంటే ప్రెషరు వాషింగు వల్ల పాడైన బండ్లే ఎక్కువ. సర్వీసింగు పేరుతో ఆ నీటిగొట్టాన్ని చక్రాల ఇరుసుల మీద, వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఆడే స్వింగ్ ఆర్మ్ కీళ్ళ మీద, తాళం కింద వైర్ల గుత్తి మీద జానెడు దూరం నుంచి కొడుతుంటే చూస్తూ ఊరుకోలేను. బేరింగులకు ఉన్న రబ్బరు సీళ్ళు పారే నీటికి తట్టుకుంటాయి గాని, అంత ఒత్తిడితో వచ్చే నీటిధారకు తట్టుకోలేవు. నీరు లోపలికి వెళ్ళి గ్రీజును తినేస్తుంది, నాలుగు నెలల తరవాత చక్రం ఊగుతుంది, అప్పుడు తప్పంతా అడవి దారి మీదికి వెళుతుంది. బకెట్టు, మగ్గు, షాంపూ, పాత గుడ్డ చాలు. కడిగాక పావుగంట నడిపి ఆరనివ్వండి. మీ బండి వానకే మొరాయిస్తోందంటే, ఇలాంటి కడుగుళ్ళలో ఏ కనెక్టరులోనో నీరు చేరి రాగి పచ్చబడి ఉంటుందని నేను గట్టిగా అనుకుంటున్నాను. ట్యాంకు కింద, సీటు కింద ఉన్న కనెక్టర్లన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, పచ్చదనం కనిపిస్తే కాంటాక్టు క్లీనరు కొట్టి, ఆరాక మళ్ళీ పెట్టండి. ఒక ఆదివారం పట్టే పని.

ఇక చైను. మామూలు బండికి చైను బిగించే అలవాటున్న చెయ్యి మన బండికి పనికిరాదు. 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 వెనక చక్రం 170 మిల్లీమీటర్లు, అంతకు మూడేళ్ళ ముందు వచ్చిన 411 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌ది 180 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడుతుంది. ముందు పళ్ళచక్రం, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనక ఇరుసు ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు ముందు పళ్ళచక్రానికీ ఇరుసుకూ మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువవుతుంది, చైను అప్పుడే అన్నిటికంటే బిగుసుకుంటుంది. స్టాండు మీద ఉన్నప్పుడు చూడటానికి చక్కగా కనిపించే చైను, గుంతలో పడగానే తీగలాగా లాగి గేర్‌బాక్సు బేరింగును నలిపేస్తుంది. అందుకే బండితో వచ్చిన పుస్తకంలో ఇచ్చిన వదులు మీకు మరీ ఎక్కువనిపించినా దాన్నే నమ్మండి. నేనైతే ఇద్దరిని సీటు మీద కూర్చోబెట్టి, ఆ మూడూ వరసలోకి వచ్చేదాకా బండిని అదిమించి, అప్పటికీ చైను వేలికి కాస్త ఆడుతోందా అని చూస్తాను. షెడ్డులో బిగించి ఇచ్చిన నా మొదటి చైను సెట్టు పదకొండు వేల కిలోమీటర్లకే అరిగిపోయింది, ఇలా వదులు చూసుకుంటూ వచ్చిన రెండోది ఇరవై నాలుగు వేలు దాటి నడిచింది. దాని మీద పాత ఇంజను ఆయిలు పూయడం మానండి, అందులో ఇనుప రజను ఉంటుంది. కిరసనాయిలుతో తుడిచి, తొంభై నంబరు గేరు ఆయిలు సన్నగా రాస్తే చాలు. పెట్రోలు తగిలితే మాత్రం లోపలి రబ్బరు రింగులు చెడతాయి.

స్పోకులను ప్రతి ట్రిప్పు తరవాతా చిన్న పానాతో ఒక్కొక్కటే తట్టి వినండి. గట్టిగా ఉన్నది ఖణేల్మంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. వదులైనదాన్ని ఒకేసారి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి. ఎయిర్ ఫిల్టరు కాగితంది అయితే కడగవద్దు, మార్చేయండి. స్పాంజిది అయితే కడిగి, పిండి, ఫిల్టరు ఆయిలు పట్టించి పెట్టండి.

పనిముట్ల విషయానికి వస్తే, మొదట మల్టీమీటరు కొనండి, ఐదు వందల లోపే దొరుకుతుంది. తరవాత 8, 10, 12, 14 నంబర్ల టీ పానాలు, ఎల్లెన్ కీ సెట్టు, వెనక ఇరుసుకు సరిపోయే పెద్ద పానా, టైరు విప్పే రెండు కడ్డీలు. మన బండ్లలో చాలావాటికి సెంటరు స్టాండు ఉండదు కాబట్టి, వెనక చక్రం లేపే స్టాండు ఒకటి మీ ఊరి వెల్డింగు షాపులోనే చేయించుకోండి. బోల్టును లెక్కగా బిగించే టార్కు రెంచి ఖరీదైనదే గాని, ఆయిలు డ్రెయిను బోల్టు అతిగా బిగించి మరలు పోగొట్టుకుంటే అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంది. ముందు ఫోర్కు సీళ్ళు, వాల్వుల క్లియరెన్సు లాంటివి మొదటి ఏడాది ముట్టుకోకండి, అవి తెలిసినవారి పక్కన నిలబడి ఒకసారి చూశాకే చేయండి.

మీ బండి గేరు వేశాకే ఆగుతోందంటే, ముందు సైడు స్టాండు మొదలు దగ్గర కడిగి చూడండి. కాకపోతే, ఆగే ముందు ఏం జరిగింది, ఆగినప్పుడు మీటరు దీపాలు వెలిగే ఉన్నాయా, ఎంతసేపటికి మళ్ళీ అంటుకుంది అన్న మూడు సంగతులూ ఇక్కడే రాయండి. నాన్నగారికి చదివి వినిపిస్తాను.