తినే పిండితో బొమ్మలా అంటున్న అత్తమ్మ

ప్రశ్న: మాది తిరుపతి. బాబుకి ఏడేళ్లు, పాపకి మూడు. సెలవుల్లో ఫోన్ మాన్పించాలని మైదా, ఉప్పు కలిపి ఇద్దరిచేతా బొమ్మలు చేయిస్తున్నా. మా అత్తమ్మకి ఇది గిట్టదు. ‘తినే పిండి నేలపాలు చేస్తే లక్ష్మి నిలుస్తుందా’ అని పిల్లల ముందే అంటుంది. మొన్న మిద్దె మీద ఎండబెట్టిన బొమ్మలు తీసి చెత్తలో వేసేసింది. బాబు ఏడ్చి అన్నం కూడా తినలేదు. మా ఆయనకి చెప్తే ‘మీ మధ్యకి నన్ను లాగొద్దు’ అంటారు. నేను చేసేది తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. అలాగని అత్తమ్మ మాట కొట్టిపారేసేదీ కాదు. రెండు గ్లాసుల మైదాకి గ్లాసు ఉప్పు కలిపాక ఆ పిండి ఎవరి నోటికీ పనికిరాదు, ఆవుకి పెట్టడానికి కూడా లేదు. కరువు చూసిన సీమలో పెరిగిన మనిషికి కడుపు రగలదా? పెరటాసి నెల శనివారం వెంకన్నకి తళిగ (నైవేద్యం) వేసినప్పుడు మన ఇళ్లల్లోనూ పిండితో దీపం చేస్తాం. అయితే అది బియ్యప్పిండి, బెల్లం. దీపం కొండెక్కాక ప్రసాదంగా పంచుకు తింటాం. ఆమెకి మంటంతా పారబోత మీదే.

కాబట్టి వంటకి వాడే డబ్బాలో చెయ్యి పెట్టకండి. పురుగు పట్టిన మైదానో, గడువు దాటిన ప్యాకెట్టో జల్లించి విడిగా పెట్టి, బొమ్మల పిండి ఇదేనని ఆమెకే చూపించండి. ఆనక కలిపే పని కూడా ఆమెకే అప్పజెప్పండి. ఓళిగలకి మైదా కలిపిన చెయ్యి, నీళ్లు ఎక్కడ ఆపాలో మీకన్నా బాగా తెలుసు. ‘అత్తమ్మా, నాకు జిగురుగా వస్తోంది, కాస్త చూడండి’ అంటే చాలు. నటన అనుకోకండి. ఈ పిండి వేలికి అంటకుండా, మడిచినా పగలకుండా రావాలంటే పది నిమిషాలైనా గట్టిగా మర్దించాలి. బొమ్మ వేలు మందం దాటితే మన మే ఎండకి పైన బిగిసి, లోపల పచ్చిగా ఉండి విచ్చుకుంటుంది. ఒక రోజు నీడన ఆరాకే మిద్దెక్కించండి. బాబు గంగమ్మ జాతర వేషాల బొమ్మలు చేస్తానంటే చేయనివ్వండి, ముక్కు వంకరపోయినా మీరు దిద్దకండి.

పాప విషయంలో మాత్రం మిమ్మల్నే మందలించాలి. మూడేళ్ల పిల్లకి ఉప్పు పిండి ఇచ్చి పక్కకి పోకూడదు. ఆ ముద్ద కాస్త ఎక్కువ మింగితే ఒంట్లో సోడియం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. తనకి ఉప్పు లేని చపాతీ పిండి ఉండ ఇచ్చి, దగ్గరే కూర్చోండి. ఆడి వదిలేశాక ఆవుకి పెట్టొచ్చు, అత్తమ్మ మనసూ కుదుటపడుతుంది.

ఇక బొమ్మలు చెత్తలో వేసిన సంగతి. మర్చిపొమ్మని నేను చెప్పను. కానీ మీరు అడిగితే అది పంచాయితీ అవుతుంది. మీ ఆయనే, అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు, ‘వాడు ఇష్టపడి చేసుకున్నాడమ్మా, ఈసారి పారేసేముందు వాణ్ని అడుగు’ అని చెప్పాలి. నన్ను లాగొద్దంటే కుదరదు. అన్నం మానేసింది ఆయన కొడుకే. ఈ జవాబు ఆయనకి చూపించండి.