హాల్లో మనుషుల బొమ్మ పెట్టుకోవచ్చా?

కొత్త ఫ్లాట్ హాల్లోకి మనుషుల పెయింటింగ్ కొందామంటే మీ అత్తగారు సీనరీ పెట్టమంటున్నారని, ఏది మేలని అడిగారు. నిక్షేపంగా మనుషుల బొమ్మే పెట్టుకోండి. జలపాతాలు, పరుగెత్తే ఏడు గుర్రాలు ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా ఉన్నాయి. ఇంటివాళ్లు వాటిని రెండోసారి తలెత్తి చూడగా నేనెప్పుడూ చూడలేదు.

మా సంగతి చెప్తాను. మియాపూర్‌లో ఇల్లు కొన్నప్పుడు మా ఇద్దరికీ తోట వైకుంఠం గారి బొమ్మలంటే ప్రాణం. ఆ పెద్ద బొట్లు, ముక్కుపుడకలు, నల్లగా నిగనిగలాడే ఆ తెలంగాణ ఆడవాళ్లు! ఆయన వేసిన అసలు బొమ్మ మనకి అందేది కాదు. ఒక షాపతను అదే తరహాలో ముగ్గురు ఆడవాళ్ల బొమ్మ చూపించి "చేత్తో వేసిందే సార్" అంటే 18,000 పోసి తెచ్చుకున్నాం. ఆర్నెల్లకి ఒక రాత్రి కరెంటు పోయింది. మా అమ్మాయి ఫోన్ టార్చి గోడకి ఆనించి ఆడుకుంటుంటే వెలుతురు బొమ్మ మీద ఏటవాలుగా పడింది. పక్కన గోడ మీద లప్పం గరుకంతా తేలింది. బొమ్మలో మాత్రం ఒక్క కుంచె గీత కూడా పైకి తేలలేదు. మర్నాడు భూతద్దం పెట్టి చూస్తే బొట్టు నిండా సన్నసన్న చుక్కలు. అచ్చేసిన బొమ్మ! ప్రింటు కొనుక్కోవడంలో తప్పు లేదు. కానీ ప్రింటని చెప్పి, ప్రింటు ధరకే అమ్మాలి. మీరు కొనేముందు ఆ టార్చి పరీక్ష షాపులోనే చెయ్యండి.

తర్వాత ఒక ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ప్రదర్శనలో చివరి ఏడాది కుర్రాడి దగ్గర 12,000కి చిన్న ఆయిల్ పెయింటింగ్ కొన్నాం. ఒకావిడ గడపలో కూర్చుని కనకాంబరాలు మాల కడుతోంది. దారం కొస కాలి బొటనవేలికి చుట్టి లాగి పట్టింది. ఆ బిగువుకి వేలి చివర కాస్త తెల్లబడింది. ఆ తెలుపు చూసే కొన్నాను.

"ముక్కూ మొహం తెలియని మనిషి మన హాల్లో ఎందుకురా" అంది అమ్మ. నెల తిరక్కుండానే ఒక సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని దానికేసే చూస్తూ, "మా అక్క కూడా ఇలాగే బొటనవేలికి చుట్టుకునేది" అంది. ఆ రోజు దీపాలు పెట్టే వేళ దాటిపోయినా పెద్దమ్మ కబుర్లే. పెద్దమ్మ పోయి ఇరవయ్యేళ్లయినా అవి నేనెన్నడూ వినలేదు. జలపాతం బొమ్మ అయితే మా అమ్మ చేత అన్ని మాటలు చెప్పించేదా?

అందుకే పనిలో మునిగిన మనిషి ఉన్న బొమ్మ చూసుకోండి. మనకేసే గుచ్చి చూసే మొహం ప్రదర్శనలో బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, ఇంట్లో పది రోజులకే కళ్లు తిప్పేసుకుంటాం.

నాకీ పిచ్చి పట్టింది చిన్నప్పుడు రాజమండ్రిలో, నాన్న దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లినప్పుడు. 1897లో పుట్టి 1925లోనే పోయాడాయన. అంత చిన్న వయసులో అంత పని చేసి వెళ్లిన మనిషి బొమ్మలు ఊళ్లోనే ఉంటే, గోదావరి చూడ్డానికి వచ్చినవాళ్లు అటు తొంగి కూడా చూడరు. నాకది నిజంగా బాధ.

ఇంకో మాట. బొమ్మని మేకు దొరికిన ఎత్తులో తగిలించకండి. హాల్లో మనం కూర్చునే ఉంటాం కాబట్టి సోఫాలోంచి చూస్తే కళ్లకి ఎదురుగా ఉండాలి. నేరుగా ఎండ పడే చోట వద్దు. వానకి చెమ్మెక్కే బయటి గోడ అసలే వద్దు, కాన్వాసు వెనక బూజు పట్టేస్తుంది.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి. ఆవిడ ఏ బొమ్మ దగ్గర ఆగి నిలబడతారో గమనించి, అదే తీసుకోండి.