సభ పెట్టే ముందు ఒక మాట, అమ్మడూ

అమ్మడూ,

మీ కేంద్రంలో రాత్రిబడి పూర్తి చేసినవాళ్ళకీ, వెల్డింగు, కుట్టు, వైరింగు నేర్చుకున్నవాళ్ళకీ కలిపి పెద్ద సభ పెడుతున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. చెబుతున్నంతసేపూ దాని గొంతులో గర్వం దాగలేదు. నాకూ అంతే అనుకో. కానీ నువ్వు పంపిన కార్యక్రమ పత్రం చదివాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఎనిమిది మంది వక్తలు, మొదటి మూడు బహుమతులు, 'అప్పుడు - ఇప్పుడు' అని ఒక అంశం, చివర్లో ప్రత్యక్ష వెల్డింగు ప్రదర్శన! నీ మనసు మంచిదే. అందుకే భయం.

చిన్న విషయాలు ముందు కానిచ్చేస్తాను. పనిరోజు పొద్దున పెట్టకు. రోజుకూలీ మీద బతికేవాడు తన సర్టిఫికెట్ తాను తెచ్చుకోవడానికి ఒక పూట కూలి పోగొట్టుకోవడమేమిటి? సాయంత్రం పెడితే ఆడవాళ్ళు ఇళ్ళకెలా చేరతారో ముందే చూడు. పిల్లల్ని తేవద్దని మాత్రం పొరపాటున కూడా అనకు. అమ్మ బడికి వెళ్ళిన సాయంత్రాలన్నీ తమ్ముణ్ణి ఆడించింది వాళ్ళే. మైకు ముందురోజే చూసుకో. వక్తలు ఇద్దరు చాలు, ఆ ఇద్దరూ క్లుప్తంగా.

తేదీ విషయం. సెప్టెంబరు 8 అనుకుంటున్నావట. 1966లో యునెస్కో ప్రకటించిన అక్షరాస్యతా దినం, గొప్ప రోజే. కానీ పదో తరగతి చదివి నీ దగ్గర వైరింగు నేర్చుకున్న కుర్రాణ్ణి ఆ బ్యానర్ కింద నిలబెడితే వాడికేమనిపిస్తుంది? పోనీ జులై 15న పెడదామా అంటే అది యువ నైపుణ్యాల దినం. యాభై దాటిన నీ కుట్టు విద్యార్థిని మొహం అప్పుడు చిన్నబోతుంది. ఏ దినమూ కాని ఒక ఆదివారం చూసుకో.

ఇక సర్టిఫికెట్లు. అచ్చుకిచ్చే ముందు ప్రతి ఒక్కరికీ తమ పేరున్న ప్రూఫు చేతికిచ్చి చదివించు. ఇంటిపేరు, స్పెల్లింగు, పుట్టిన తేదీ గుర్తింపు కార్డులో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. ఒక అక్షరం తేడా వస్తే ఉద్యోగం దగ్గర ఆ కాగితం చెల్లదంటారు, అప్పుడు వాళ్ళు దాన్ని పట్టుకుని ఎవరి చుట్టూ తిరగాలి? నువ్వు చూసి సరిచేయగలవు, నాకు తెలుసు. కానీ రాత్రిబడి వాళ్ళకి తమ పేరులో తప్పు తామే పట్టుకునే అవకాశం జీవితంలో మొదటిసారి వచ్చింది, దాన్ని నువ్వు లాక్కోకు. కాగితం మీద 'విజయవంతంగా శిక్షణ పూర్తిచేశారు' అని ఊరుకోకుండా ఏం చేయగలరో రాయించు. ఎన్ని గంటల శిక్షణ, ఏ యంత్రం మీద, ఏ పరీక్ష. పని ఇచ్చేవాడు చదివేది ఆ వరసే.

ఇప్పుడు వెల్డింగు ప్రదర్శన. వద్దు. బతిమాలుతున్నాననుకో, ఆజ్ఞ అనుకో, వద్దు. ఆర్కు వెలుగులో అతినీలలోహిత కిరణాలుంటాయి, అవి కంటి పైపొరను కాలుస్తాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. అందరూ చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళి పడుకుంటారు. కొన్ని గంటలయ్యాక అర్ధరాత్రి లేచి, కళ్ళలో ఇసుక పోసినట్టుందని, నీళ్ళు కారిపోతున్నాయని, దీపం చూడలేకపోతున్నామని ఏడుస్తారు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గేదే, కానీ ఆ రాత్రి నరకం. చేసేవాడి హెల్మెట్‌లో పదో నంబరో పదకొండో నంబరో నల్లద్దం ఉంటుంది. ముందు వరసలో నేల మీద కూర్చున్న పిల్లాడికి ఏముంటుంది? చలువ కళ్ళద్దాలు ఇందుకు పనికిరావు. 'ఎవరూ వెలుగు వైపు చూడకండి' అని మైకులో చెప్పావనుకో, అప్పటిదాకా చూడనివాడు కూడా తలెత్తి చూస్తాడు.

మరి వెల్డర్ల పని జనం ఎలా చూస్తారంటావా? వంచిన ముక్కలు బల్ల మీద పెట్టు. నీకు తెలిసిందే అయినా మళ్ళీ చెబుతాను, నాకు చెప్పడం ఇష్టం. రెండు పలకల్ని అతికి, ఆ అతుకుకు అడ్డంగా పట్టీలు కోసి, ఒక్కోదాన్ని ప్రెస్సులో పెట్టి యూ ఆకారంలో వంచుతారు. లోపల గాలిబుడగ ఉన్నా, స్లాగు, అంటే రాడ్డు పూత కరిగి మిగిలిన మడ్డి, ఇరుక్కున్నా, లోహం సరిగ్గా కలవకపోయినా అక్కడే పగులు నోరు తెరుస్తుంది. పగలకుండా వంగిన ముక్క కావాలంటే నెలల తరబడి చెయ్యి కాల్చుకోవాలి. అది చూడ్డానికి తుక్కులా ఉంటుంది, పక్కన ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి. ఆ ఒకరు నీ ఇన్‌స్ట్రక్టర్ కాకూడదు, దాన్ని అతికినవాడే కావాలి.

నా దగ్గర ఒకాయన నేర్చుకునేవాడు. నాకంటే పెద్దవాడు. నోట్లోంచి మాట ఊడిపడేది కాదు, అడిగినదానికి తలూపడమే. ఒకసారి చూడ్డానికొచ్చిన పెద్దమనిషి ఆయన ముక్కను వేళ్ళతో పట్టుకుని, 'ఇదేంటి, వంకరపోయింది?' అన్నాడు. అంతే! ఆ ముక్క లాక్కున్నాడు. అతుకు అడుగున మొదటి వరస ఎలా వేశాడో, కరెంటు ఎంత పెట్టాడో, రాడ్డు ఏ వాలులో పట్టాడో, వచ్చినాయన టీ చల్లారిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఆయనకి ఇన్ని మాటలొచ్చని మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు.

కుట్టువాళ్ళకీ అదే సూత్రం. బట్టల్ని బొమ్మకి తొడిగి నిలబెట్టకు, తిరగేసి పరిచిపెట్టు. పైన పూలు ఎవరైనా కుట్టిస్తారు. పనితనమంతా లోపలి కుట్లలో, అంచు పోగులు ఊడకుండా ముగించిన తీరులో, కాలరు రెండు కొనలూ ఒకే కొలతకి రావడంలో ఉంటుంది. వైరింగు పిల్లల బోర్డులకి మూతలు తీసి పెట్టు, తీగలు వరసగా వెళ్ళాయా, ఎర్త్ తీగ ఎక్కడ బిగించారు, జనం తొంగి చూడాలి. ఆ బోర్డులకి కరెంటు మాత్రం ఇవ్వకు. చెయ్యి పెట్టనివాడు పుట్టలేదు.

సరే, 'అప్పుడు - ఇప్పుడు'కి వస్తాను. ఇంతసేపూ దాన్ని తప్పించుకుంటూ వచ్చాను.

నేను సాయంత్రాలు పనినేర్పడానికి వెళ్ళే ఒక కేంద్రంలో పక్క గదిలో అక్షరాల తరగతి ఉండేది. నడిపేవాడు ఎంత మంచివాడంటే, వాన పడితే గొడుగు పట్టుకుని ఎదురెళ్ళి ముసలివాళ్ళని లోపలికి తెచ్చేవాడు. మొదటి జట్టు పూర్తయ్యాక సభ పెట్టాడు. వేదిక మీద ఒక బల్ల, దాని మీద సిరా మెత్త, పక్కన తెల్లకాగితం, పెన్ను. ఒక్కొక్కరూ వచ్చి ముందు వేలిముద్ర వెయ్యాలి, ఇదీ అప్పటి నేను. వేలు తుడుచుకుని సంతకం పెట్టాలి, ఇదీ ఇప్పటి నేను. ఎవరికీ ముందు చెప్పలేదు. చెబితే సహజత్వం పోతుందనుకున్నాడు.

మొదటి ఇద్దరూ నవ్వుతూనే వేశారు. హాలు దద్దరిల్లింది. మూడో ఆవిడ మెట్లెక్కి వచ్చి సిరా మెత్త చూసి ఆగిపోయింది. కూతురికి ఆ మధ్యే పెళ్ళి చేసింది. వియ్యాలవారు రెండో వరసలో కూర్చున్నారు. ఆవిడ చిన్నప్పుడు కొన్ని తరగతులు చదివిందనే వాళ్ళ నమ్మకం. కుట్టు సర్టిఫికెట్ ఇస్తారని చెప్పి తీసుకొచ్చింది వాళ్ళని. ఆ సంగతి ఆయనకి తెలియదు. ఎలా తెలుస్తుంది, అడగలేదుగా. సభాకంపం అనుకున్నాడు పాపం. నవ్వుతూ ఆవిడ చెయ్యి పట్టుకుని, బొటనవేలు తనే మెత్తకి అద్ది కాగితం మీద నొక్కించాడు. చప్పట్లు. ఆవిడ వేలు తుడుచుకోకుండానే పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. చక్కటి సంతకం, తలకట్లతో సహా. కిందికి దిగి వెళ్ళిపోయింది.

మళ్ళీ తరగతికి రాలేదు. కుట్టుకీ రాలేదు. ఆయన ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలోనే నిలబెట్టి, ఎంతో మర్యాదగా, 'ఇంట్లో పని ఎక్కువైందండీ' అంది. సర్టిఫికెట్ చాలాకాలం బీరువాలోనే పడి ఉంది. ఆయన దుర్మార్గుడైతే ఇంత వివరంగా నీకు రాసేవాణ్ణి కాదు. నువ్వు అచ్చం ఆయనలాంటిదానివి, అదీ నా బెంగ.

చదువు రానివాళ్ళు ఆ సంగతి దాచడానికి ఎంత తెలివి ఖర్చుపెడతారో నీకు తెలుసు. 'కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానండీ', 'చెయ్యి నొప్పిగా ఉంది, మీరే నింపండి', 'మా అబ్బాయికి చూపించి చెబుతా'. ఏళ్ళ తరబడి కట్టుకున్న గోడ అది. అవసరమై కట్టుకున్నారు. నీ తరగతిలో నీ ఒక్కదాని ముందు దాన్ని కాస్త దించారు. నిన్ను నమ్మి దించినదాన్ని నువ్వు ఊరందరి ముందూ కూల్చకూడదు.

కాబట్టి ప్రతి ఒక్కరినీ విడిగా అడుగు. ఫొటో తీయవచ్చా, పేపరువాళ్ళకి పేరు ఇవ్వవచ్చా, వేదిక మీద మాట్లాడతారా, మాట్లాడితే ఏది చెబుతారు, ఏది వద్దు. నువ్వు టీచరువి, నీ మొహం చూసి కాదనలేక సరే అంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోకు. కొన్నాళ్ళాగి వాళ్ళ తోటి విద్యార్థి చేత ఇంకోసారి అడిగించు. అప్పుడు అసలు జవాబు బయటికొస్తుంది. కాదన్నవాళ్ళకి సర్టిఫికెట్ ఆఫీసు గదిలో ఇవ్వు, అంతే ఆదరంగా, అంతే నవ్వు మొహంతో. ఏ కోర్సు పూర్తి చేశారో వేదిక మీద చదవాల్సిన పని కూడా లేదు, పేరు చాలు.

చెప్పాలనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి మైకు ఇచ్చి నువ్వు పక్కకి తప్పుకో. 1963లో బ్రెజిల్‌లో ఆంజికోస్ అనే చిన్న పట్టణంలో పాలో ఫ్రెయిరె అనే విద్యావేత్త బృందం దాదాపు 300 మంది శ్రామికులకు 40 గంటల పాఠాలతో చదవడం, రాయడం నేర్పింది. ముగింపు సభకి సాక్షాత్తూ దేశాధ్యక్షుడు గులార్ వచ్చాడు. నేర్చుకున్నవాళ్ళలో ఒకాయన లేచి అధ్యక్షుడి ముందే మాట్లాడాడు. మరుసటి ఏడు సైన్యం గద్దెనెక్కి ఆ చదువులు ఆపించింది, ఫ్రెయిరెని జైల్లో పెట్టింది. కూలివాళ్ళు చదువుకుని, పైగా పెద్దవాళ్ళ ముందు నోరు విప్పితే అంత భయం మరి! నీ ముఖ్య అతిథికి ఈ కథ చెప్పనక్కర్లేదు, మీరు వినడానికి వచ్చారని మర్యాదగా చెబితే చాలు.

పేపరువాళ్ళు వస్తే అందరికంటే పెద్ద వయసు ఎవరిది అని అడుగుతారు, చూడు. కెన్యాలో కిమాని మరుగే 2004లో 84 ఏళ్ళ వయసులో ఒకటో తరగతిలో చేరి గిన్నిస్‌కెక్కాడు. అలాంటివాళ్ళంటే నాకూ ముచ్చటే. కానీ నీ దగ్గర చదివిన తాతగారొక్కరి ఫొటో వేసి, షిఫ్టు దిగి నిద్రమొహంతో రోజూ వచ్చిన ముప్ఫై ఏళ్ళవాణ్ణి వదిలేస్తారు. వాడి కష్టం వింతగా కనిపించదు కదా. వాడి గురించి ఆ విలేకరికి నువ్వే చెప్పాలి, వాణ్ణి అడిగాకే.

మొదటి మూడు బహుమతులు తీసెయ్. ప్రపంచమంతా పోటీపడే వరల్డ్‌స్కిల్స్ అనే వృత్తి నైపుణ్యాల పోటీలో కూడా స్వర్ణ, రజత, కాంస్యాలతో ఆపరు, నిర్ణీత స్థాయి అందుకున్నవాళ్ళకి వేరే పతకం ఉంటుంది. పోటీల్లోనే అంత ఉదారంగా ఉంటే నీ సభలో ర్యాంకులెందుకు? పరీక్ష తప్పినవాళ్ళని, మధ్యలో మానేసినవాళ్ళని కూడా పిలు. వేదిక మీదకి లాగకు, కుర్చీ వేసి కూర్చోబెట్టు. మళ్ళీ ఎప్పుడు చేరవచ్చో, ఏ పరీక్ష మళ్ళీ రాయవచ్చో ఒక కాగితం చేతిలో పెట్టు. పాసైనవాళ్ళకీ తర్వాతి కోర్సు ఏమిటో అదే రోజు చెప్పెయ్. ఉత్సాహం మీద ఉంటారు, మర్నాటికి మళ్ళీ బతుకు గొడవలో పడిపోతారు.

తిట్టాననుకున్నావా? తిట్టాను. ఇంత పని నీ వయసులో నేను తలపెట్టలేదు, అది కూడా రాసుకో.

నేను వస్తాను. వేదిక మీద కుర్చీ వెయ్యకు, వంచిన ముక్కల బల్ల దగ్గర ఎక్కడో ఉంటాను, నోరు మూసుకునే ఉంటాను. సర్టిఫికెట్ల జాబితా వాళ్ళు సరిచూశాక నాకూ ఒకటి పంపు. కుర్చీలు మాత్రం నువ్వు రాసినదానికి రెట్టింపు తెప్పించు, ఒక్కొక్కరి వెనక ఇంటిల్లిపాదీ వస్తారు.

మీ మావయ్య