నువ్వుల చాక్లెట్ ట్రఫుల్స్ చేసే ముందు

అమ్మలూ,

నువ్వులతో ట్రఫుల్స్, అదే మెత్తని చాక్లెట్ ఉండలు, చేస్తానన్నావు, చాలా సంతోషం. మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. నువ్వు గింజలో దాదాపు సగం నూనే. సరిగ్గా వేయిస్తే కమ్మదనమంతా ఆ నూనెలోంచే వస్తుంది. లెక్క తప్పితే గనాష్‌ని, అంటే చాక్లెట్ మీద వేడి క్రీమ్ పోసి కలిపే మిశ్రమాన్ని, విరిచేసేదీ అదే.

తూకాలు రాసుకో. కోకో 55 నుంచి 60 శాతం ఉన్న డార్క్ చాక్లెట్ 200 గ్రాములు, క్రీమ్ 110 గ్రాములు, ముద్దకి తెల్ల నువ్వులు 50 గ్రాములు, పైన దొర్లించడానికి మరో 40, చిటికెడు ఉప్పు. 28 నుంచి 30 ఉండలు వస్తాయి. కప్పులతో కొలవకు, తూకం వెయ్యి. మామూలు ట్రఫుల్స్‌లో వేసే వెన్న ఇందులో వద్దు, నువ్వుల నూనెతో అది కలిస్తే జిడ్డు తేలుతుంది. చాక్లెట్ పొట్లం మీద కోకో బటర్ అని ఉండాలి. దాని బదులు వేరే కొవ్వు వేసిన కాంపౌండ్ అయితే నోట్లో మైనంలా అంటుకుంటుంది. మిల్క్ చాక్లెట్‌తో చేస్తే క్రీమ్ 75 గ్రాములు చాలు.

నువ్వుల్ని ముందు పచ్చిగానే నాలుగు నమిలి చూడు. పాత నూనె వాసన వస్తే వాటిని పక్కన పెట్టెయ్యి, ఎంత వేయించినా ఆ కంపు పోదు. బాగుంటే గాలించి ఇసుక తీసేసి, పూర్తిగా ఆరబెట్టు. అడుగు మందంగా ఉన్న మూకుడులో, సన్నని సెగ మీద, చెయ్యి ఆపకుండా తిప్పుతూ వేయించు. నాలుగైదు నిమిషాలకి చిటపటలు మొదలవుతాయి. అప్పుడు ఒక గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపు. పొడిగా రాలితే వేగినట్టు. అణిగి వేలికి అంటుకుంటే ఇంకా పచ్చే. వేగగానే వెడల్పాటి పళ్ళెంలోకి ఒంపెయ్యి. మూకుడులోనే వదిలేస్తే స్టవ్ ఆపినా ఆ వేడికే మాడి చేదెక్కుతాయి, ఆ చేదు డార్క్ చాక్లెట్‌లో ఇంకా పైకి తేలుతుంది. నల్ల నువ్వులైతే రంగు తెలియదు కాబట్టి వాటిలో పదో పన్నెండో తెల్లవి కలుపు. అవి తేనె రంగుకొస్తే దించెయ్యి.

పూర్తిగా చల్లారాక 50 గ్రాములు తీసి చిన్న జార్‌లో తిప్పు. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై దిగుతుంది. ఒకేసారి చాలాసేపు తిప్పకుండా ఆగి ఆగి తిప్పుతూ, అంచులు గీకుతూ ఉంటే ముందు పొడి అవుతుంది, తర్వాత ముద్దకడుతుంది, చివరికి జారుగా వస్తుంది. నీళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా పొయ్యకు.

చాక్లెట్‌ని సన్నగా తరిగి పొడి గిన్నెలో వెయ్యి. క్రీమ్ అంచుల్లో బుడగలు రాగానే దించి దాని మీద పోసి, రెండు నిమిషాలు ముట్టుకోకు. తర్వాత గరిటెతో మధ్య నుంచి చిన్న వలయాలుగా కలుపుతూ అంచులకి రా. నిగనిగలాడుతూ నున్నగా అయ్యాక, గోరువెచ్చగా ఉన్నప్పుడే నువ్వుల ముద్ద, ఉప్పు కలుపు. అంచుల్లో నూనె మెరుస్తూ, మధ్యలో ఇసుకలా రవ్వరవ్వగా కనబడితే విరిగినట్టు. కొవ్వుకి సరిపడా నీరు లేకో, వేడి ఎక్కువైపోయో అలా అవుతుంది. కంగారుపడి ఇంకా చాక్లెట్ వెయ్యకు, కొవ్వు పెరిగి మరీ పాడవుతుంది. కాస్త చల్లారనిచ్చి, గోరువెచ్చని పాలు ఒక్కొక్క టీస్పూను పోస్తూ మధ్య నుంచే కలుపు. రెండు మూడు స్పూన్లకి మళ్ళీ నున్నగా కలిసిపోతుంది.

అరగంట బయట, గంటన్నర ఫ్రిజ్‌లో ఉంచి, 12 గ్రాముల చొప్పున తియ్యి. కోకో బటర్ కరిగే వేడి, మన అరచేతి వేడి దాదాపు ఒకటే. అందుకే రెండు చుట్లలో ఉండ అయిపోవాలి. చేతులు చల్లటి నీళ్లలో ముంచి, తడి లేకుండా తుడుచుకుని చుట్టు. కరకరలాడే పైపూత కావాలంటే మాత్రం నువ్వుల్ని నేరుగా గనాష్‌కి అంటించకు, తేమ పీల్చుకుని మర్నాటికి మెత్తబడతాయి. అరచేతికి విడిగా కరిగించిన చాక్లెట్ కొంచెం రాసుకుని ఉండని పల్చగా పూసి, వెంటనే నువ్వుల్లో దొర్లించు. ఈ పని కాస్త ఎక్కువే, కానీ చెయ్యి.

గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం నిలవుంటాయి. తినే ముందు మూత తియ్యకుండానే అరగంట బయట పెట్టు. చల్లగా ఉన్నప్పుడే తీస్తే పైన నీరు పడుతుంది. ఎవరికైనా ఇస్తే డబ్బా మీద ‘నువ్వులున్నాయి’ అని పెద్ద అక్షరాలతో రాయి. అవి పడనివాళ్ళకి ఒక్క ముక్కతోనే ప్రాణం మీదకి రావచ్చు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ