మీ ప్రశ్న – మా జవాబు: సైకాలజీ మేజర్‌గా తీసుకోవచ్చా?

ప్రశ్న: మా పాప ఇంటర్ సీఈసీ పాసైంది. డిగ్రీలో సైకాలజీ తీసుకుని కౌన్సెలర్ అవుతానంటోంది. చుట్టాలేమో లెక్కలు రానివాళ్లు చదివే సబ్జెక్టని తీసిపారేస్తున్నారు. మూడేళ్లలో చదువు అయిపోతుందా?
– ఒక తల్లి, రాజాం

జవాబు: మూడేళ్లకి డిగ్రీ చేతికొస్తుందమ్మా, పాప కోరుకున్న పని మాత్రం రాదు. ఆ సంగతి తెలిసి చేరితే ఇది మంచి చదువే.

మనసు ఇబ్బందులకి సాయం చేసేవాళ్లలో మందులు రాసేది సైకియాట్రిస్టు. ఆ దారి బైపీసీ, నీట్, ఎంబీబీఎస్, ఆపై ఎండీ. సీఈసీ చదివినవాళ్లకి అది లేదు. పరీక్షలు పెట్టి మనిషి ఇబ్బందిని అంచనా వేసి, మాటల ద్వారా చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు. అందుకు ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. కానీ డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, ఆ మీద ఆసుపత్రిలో శిక్షణతో కూడిన కోర్సు. ఇన్నాళ్లూ అది రెండేళ్ల ఎం.ఫిల్., అంటే మొత్తం ఏడేళ్లు. ఇప్పుడు ఆ కోర్సుల రూపం మారుతోంది. అందుకే కోర్సు పేరు చూసి మోసపోకండి. ఈ శిక్షణ కోర్సులకి గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. దాని గుర్తింపు ఉందా లేదా అన్నదే చూడండి. 1992 చట్టం కింద ఆ కౌన్సిల్‌లో నమోదైతేనే క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకోవచ్చు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులకి వేలకి వేలు కట్టి, చివరికి ఆ నమోదు దొరక్క ఏడ్చేవాళ్లున్నారు.

ఇక లెక్కల మాట. చుట్టాలు చెప్పింది తలకిందులు. సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో), సహసంబంధం (రెండు విషయాలు కలిసి ఎలా మారతాయో), టి-టెస్టు (రెండు సగటుల తేడా నిజమైనదేనా అన్నది) లేకుండా ఈ సబ్జెక్టు లేదు. పిల్లలు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే.

గీత పొడుగు విషయంలో కన్ను ఎలా మోసపోతుందో చూపే ముల్లర్-లయర్ ప్రయోగం ల్యాబ్‌లో ఉంటుంది, దాన్నే తీసుకోండి. చెక్క పలక మీద రెండు గీతలుంటాయి. ఒకదాని కొసల్లో బాణానికి ఉన్నట్టు చిన్న గీతలు లోపలికి వాలి ఉంటాయి, రెండోదాని కొసల్లో అవి బయటికి విచ్చుకుని ఉంటాయి. అందుకే రెండోది పొడుగ్గా కనిపిస్తుంది. రెండో గీతని జరిపి మొదటిదానితో సమానం చేయమంటారు. మొదటిది 100 మిల్లీమీటర్లుంటే చాలామంది రెండోదాన్ని అంతకన్నా పొట్టిగానే ఆపేస్తారు. 84 దగ్గర ఆపితే పొరపాటు 16. ఇలా 20 సార్లు చేయించాలి. 10 సార్లు మరీ పొడుగు నుంచి తగ్గిస్తూ, 10 సార్లు మరీ పొట్టి నుంచి పెంచుతూ. ఒకే వైపు నుంచి జరిపితే చేతి అలవాటు కూడా లెక్కలో కలిసిపోతుంది. పలక వెనకున్న స్కేలు కూర్చున్నవాళ్ల కంట పడినా, మధ్యలో మీరు "సరిగ్గా వచ్చింది" అన్నా ఆ అంకెలు ఇక పనికిరావు. పక్కవాళ్ల రికార్డు చూసి అంకెలు ఎక్కించుకున్న పిల్లకి పీజీలో సొంత పరిశోధన దగ్గర చేతులు ఆడవు.

అందుకని చేరేముందు పాపని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమనండి. పరికరాలు బీరువాలో తాళం వేసి ఉన్నాయా, బల్లల మీద ఉన్నాయా? సీనియర్ల రికార్డులు తిరగేయండి. ఇద్దరి అంకెలు ఒకేలా ఉంటే ఆ కాలేజీ వద్దు. సైకాలజీలోనే పీజీ చేసిన లెక్చరర్లు ఎందరో అడగండి. మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, స్టాటిస్టిక్స్ దొరికితే వదలొద్దు. పీజీకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, మీకు దగ్గరే.

ప్రశ్న: నేను బీకాం. ఎంఏ సైకాలజీ దూరవిద్యలో చేయొచ్చా?
– పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఇప్పుడు కుదరదు. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలో సైకాలజీని యూజీసీ ఆపేయమంది. అంతకుముందు ఇగ్నోలో ఏ డిగ్రీ ఉన్నా ఎంఏ సైకాలజీకి తీసుకునేవారు.  క్లినికల్ వైపు వెళ్లాలనుకున్నా రెగ్యులర్ పీజీయే నయం. శిక్షణ కోర్సులకి కొన్ని సంస్థలు రెగ్యులరే అడుగుతాయి. ఎం.ఫిల్.కి పీజీలో 55 శాతం మార్కులు కావాలనేవారు, ఆ గీత దాటేలా చదవండి. చేరాలనుకున్న సంస్థ ప్రాస్పెక్టస్‌ని ఫీజు కట్టకముందే చదవండి.