పాస్‌వర్డ్ ఇచ్చినా యాప్‌కి అడ్మిన్ హక్కు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మాది లేబుల్స్ ప్రింట్ చేసే చిన్న షాపు. ఒకే ఐమ్యాక్ మీద ముగ్గురు కుర్రాళ్లు వేర్వేరు అకౌంట్లతో పని చేస్తారు. మా కోసం ప్రత్యేకంగా చేయించుకున్న పాత యాప్ ఒకటి ఉంది. అది సెట్టింగులను అందరికీ కలిపి ఉండే లైబ్రరీలో, అప్లికేషన్ సపోర్ట్ కింద తన ఫోల్డర్‌లో సేవ్ చేయాలి, కానీ పర్మిషన్ లేదంటోంది. అందుకని యాపిల్‌స్క్రిప్ట్‌లో (మ్యాక్ పనులను ఆటోమేట్ చేసే భాష) డూ షెల్ స్క్రిప్ట్ (టెర్మినల్ కమాండ్‌ని నడిపే ఆదేశం) రాసి, ఓపెన్ కమాండ్‌తో యాప్ తెరిచేలా చేసి, చివర్లో విత్ అడ్మినిస్ట్రేటర్ ప్రివిలేజెస్ అని పెట్టాను. పాస్‌వర్డ్ అడుగుతోంది, ఇస్తున్నాను, యాప్ తెరుచుకుంటోంది, సేవ్ మాత్రం అవ్వడం లేదు. తప్పెక్కడుంది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు ఇచ్చిన పాస్‌వర్డ్ ఓపెన్ అనే కమాండ్‌కి అందింది, మీ యాప్ దాకా వెళ్లలేదు. ఓపెన్ స్వయంగా ఏ యాప్‌నీ నడపదు. ఫలానాది తెరవమని లాంచ్ సర్వీసెస్‌కి (యాప్‌లు తెరిచే మ్యాక్ వ్యవస్థకి) కబురు పెట్టి తన పని ముగించేస్తుంది, ఆ లాంచ్ సర్వీసెస్ ఏమో అప్పుడు ఎవరు లాగిన్ అయి ఉంటే వాళ్ల పేరు మీదే యాప్‌ని తెరుస్తుంది. కావాలంటే యాక్టివిటీ మానిటర్‌లో (ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపే మ్యాక్ యాప్) యూజర్ అనే నిలువు వరుస చూడండి, రూట్ (మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న అకౌంట్) అని ఉండదు, మీ కుర్రాడి పేరే ఉంటుంది.

నిజంగా రూట్‌గా నడవాలంటే యాప్ లోపలున్న అసలు ప్రోగ్రామ్‌ని నేరుగా పిలవాలి. డాట్ యాప్ అని ఉండేది ఒక ఫోల్డరే, ఫైండర్ దాన్ని ఒకే ఐకాన్‌గా చూపిస్తుంది అంతే. దాని మీద రైట్ క్లిక్ చేసి షో ప్యాకేజ్ కంటెంట్స్ నొక్కితే కంటెంట్స్, అందులో మ్యాక్ఓఎస్ అనే ఫోల్డర్, ప్రోగ్రామ్ అక్కడుంటుంది. దాని పేరు యాప్ పేరుతో కలవాలనేమీ లేదు, అనుమానం వస్తే కంటెంట్స్‌లోనే ఉండే ఇన్ఫో డాట్ ప్లిస్ట్ అనే యాప్ వివరాల ఫైలులో సీఎఫ్ బండిల్ ఎగ్జిక్యూటబుల్ ఎదురుగా ఏముందో చూసుకోండి. స్క్రిప్ట్‌లో ఆ ఫైలు పూర్తి పాత్ ఇవ్వండి, మధ్యలో ఖాళీలుంటే కోటెడ్ ఫామ్ ఆఫ్ (పాత్‌ని కోట్స్‌లో పెట్టే యాపిల్‌స్క్రిప్ట్ మాట) వాడండి. ఇంకోటి, యాప్ మూసేదాకా స్క్రిప్ట్ కదలకుండా కూర్చుంటుంది కాబట్టి అవుట్‌పుట్‌నీ ఎర్రర్లనీ డెవ్ నల్‌కి (వచ్చినదంతా పారేసే చోటుకి) మళ్లించి, ప్రోగ్రామ్ వెనకాల నడిచేలా లైన్ చివర యాంపర్‌శాండ్ (&) గుర్తు పెట్టాలి.

ఇంతా చెప్పాను గానీ, మీ షాపులో ఇది చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. రూట్‌గా నడిచే యాప్ కొత్తగా చేసిన ప్రతి ఫైలుకీ యజమాని రూటే అవుతాడు. ఇవాళ సేవ్ చేసిన లేబుల్‌ని రేపు మామూలుగా తెరిచి మార్చబోతే కుదరదు, మీరు ఇప్పుడు పడుతున్న బాధే ఇంకో ఫోల్డర్‌లో మొదలవుతుంది. పైగా యాప్ తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కావాలి, అంటే ముగ్గురికీ అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పేయాలి. పాత యాప్‌లో ఏదైనా లోపం ఉంటే అది మొత్తం మెషీన్ మీద అధికారంతో నడుస్తుందన్న సంగతి కూడా ఆలోచించండి.

మీకు కావలసింది ఒక్క ఫోల్డర్‌లో రాసే హక్కు. దాన్ని ఒకేసారి ఇచ్చేయండి. మ్యాక్‌లో మామూలు అకౌంట్లన్నీ స్టాఫ్ అనే గ్రూప్‌లో ఉంటాయి. అడ్మిన్ అకౌంట్‌లోంచి టెర్మినల్ తెరిచి, సుడోతో (అడ్మిన్ హక్కుతో కమాండ్ నడిపేది) చ్‌మోడ్ ప్లస్ ఏ (ఫోల్డర్ మీద అదనపు హక్కులు రాసే కమాండ్) వాడి, యాప్ ఫోల్డర్ మీద స్టాఫ్‌కి చదివే, రాసే, ఫైళ్లు చేర్చే, తీసేసే హక్కులివ్వండి. లోపల కొత్తగా చేసే ఫైళ్లకీ ఫోల్డర్లకీ ఇవే హక్కులు వచ్చేలా చేసే ఫైల్ ఇన్‌హెరిట్, డైరెక్టరీ ఇన్‌హెరిట్ అనే రెండు మాటలూ అందులో తప్పకుండా ఉండాలి, లేకపోతే ఒకరు కొత్తగా చేసిన ఫైలుని ఇంకొకరు మార్చలేకపోవచ్చు. లోపల ఇప్పటికే ఉన్న ఫైళ్లకీ వర్తించాలంటే క్యాపిటల్ ఆర్ ఆప్షన్ కలపండి. మొత్తం అప్లికేషన్ సపోర్ట్‌కి మాత్రం ఇవ్వకండి, మీ యాప్ ఫోల్డర్ వరకే.

తర్వాత ఒక కుర్రాడి అకౌంట్‌లో ఒక సెట్టింగ్ సేవ్ చేసి, రెండోవాడి అకౌంట్‌లో దాన్నే మార్చి చూడండి. రెండూ అయితే ఆ స్క్రిప్ట్ తీసేయవచ్చు.